చిత్రతురగం

ఉద్దేశం

విశ్వంలోని మహానిర్మాణాలను గణితంలో అనుకరించే ప్రయత్నం ఎట్లా సాగుతున్నదో తెలపడం, అనుకరణకూ వాస్తవానికీ గల సంబంధాన్ని గురించి విద్యార్థులను ఆలోచింపజేయడం, వైజ్ఞానిక విషయాలను తెలుగులో చదివి తెలుగులో చెప్పగల నేర్పు కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

గోడమీద చిత్రకారుడు ఒక గుర్రం బొమ్మ వేశాడు. దానిని చూసి మనం ‘ఇది గుర్రం’ అంటాము. ఆ మాట అబద్ధం కాదు. అయినా ఆ గుర్రాన్నెక్కి ఎవరూ ఊరి పొలిమేర దాటలేరు. తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీరదేశంలో వెలసిన శంకుకుడనే ఆలంకారికుడు భరతుని నాట్యశాస్త్రాన్ని వ్యాఖ్యానిస్తూ, రాముని వేషం ధరించిన నటుణ్ణి ప్రేక్షకుడు రామునిగా గ్రహించే తీరును ఈ బొమ్మగుర్రంతో పోల్చాడు. ఆ గ్రహింపు నిజజ్ఞానం కాదు, భ్రాంతి కాదు, సందేహం కాదు, కేవలం పోలిక కూడా కాదు. వీటన్నింటికంటె వేరైన ఒక ప్రతీతి అని ఆయన అభిప్రాయం. దీనినే చిత్రతురగన్యాయం అంటారు. శంకుకుని గ్రంథం మనకు దక్కలేదు. అభినవగుప్తుడు తన వ్యాఖ్యలో అతని వాదాన్ని ప్రస్తావించి ఖండించడం వల్లనే అది మనకు తెలిసింది. అభినవగుప్తుని గురువైన భట్టతౌతుడు ఈ వాదంమీద ఒక గట్టి ప్రశ్న వేశాడు. రాముని మనస్సును చూసినవారెవరూ లేనప్పుడు, నటుడు చేసేది దానికి అనుకరణే అని నిర్ణయించేదెవరన్నది ఆ ప్రశ్న సారాంశం.

వెయ్యేండ్లనాటి ఈ వివాదం నేడు ఖగోళ శాస్త్రజ్ఞుల ముందు మరొక రూపంలో నిలిచి ఉన్నది. వారు కంప్యూటర్లలో గెలాక్సీల గుంపులను, వాటి నడుమ నిండిన అత్యుష్ణ వాయువును అనుకరిస్తున్నారు. ఆ అనుకరణలో పుట్టిన ఆకాశాన్ని చూసి ‘ఇది ఆకాశం’ అనవచ్చునా? అనవలసివస్తే ఏ ఆధారంతో అనాలి?

మన సూర్యుడు పాలపుంత అనే గెలాక్సీలోని కోట్లాది నక్షత్రాలలో ఒకడు. గెలాక్సీలు సాధారణంగా ఒంటరిగా ఉండవు. పదుల సంఖ్యలో కూడి ఉంటే సమూహమని, వందలు వేలుగా కూడి ఉంటే గుచ్ఛమని అంటారు. పాలపుంతా, దాని పొరుగున ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ ఒక చిన్న సమూహంలోనివి. సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కోమా గుచ్ఛంలో వెయ్యికి పైగా గెలాక్సీలున్నాయి. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ అనే శాస్త్రజ్ఞుడు ఆ గుచ్ఛంలోని గెలాక్సీల వేగాలను పరిశీలించి, కంటికి కనిపించే పదార్థపు ఆకర్షణ ఒక్కటే వాటిని పట్టి ఉంచలేదని గుర్తించాడు. కనిపించని ఆ పదార్థాన్నే నేడు కృష్ణపదార్థం అంటున్నాము.

కంటికి కనిపించనిది మరొకటి కూడా అక్కడ ఉన్నది. 1970 డిసెంబరు 12న కెన్యా తీరం నుండి ఒక చిన్న ఉపగ్రహాన్ని ప్రయోగించారు. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినోత్సవం కావడంవల్ల దానికి స్వాహిలీ భాషలో ‘స్వేచ్ఛ’ అనే అర్థంగల ఉహురూ అనే పేరు పెట్టారు. ఎక్స్-కిరణాలను పట్టుకొనే ఆ ఉపగ్రహం, గుచ్ఛాలలో గెలాక్సీలకు వెలుపల ఉన్న చోటు కూడా ఆ కిరణాలను వెదజల్లుతున్నదని చూపింది. 1976లో ఏరియల్-5 అనే బ్రిటిషు ఉపగ్రహం పెర్సియస్ గుచ్ఛపు వర్ణపటంలో ఇనుము జాడను కనుగొన్నది. తన 26 ఎలక్ట్రాన్లలో దాదాపు అన్నింటినీ కోల్పోయిన ఇనుము అది. అంతటి స్థితి కలగాలంటే అక్కడ కోట్ల డిగ్రీల వేడి ఉండాలి. గెలాక్సీల నడుమ ఉన్నది శూన్యం కాదు, మండే వాయువు అని దానితో రూఢి అయింది.

ఈ వాయువు ఉష్ణోగ్రత సమూహాలలో కోటి డిగ్రీల ప్రాంతంలోనూ, పెద్ద గుచ్ఛాలలో పదికోట్ల డిగ్రీల వరకూ ఉంటుంది. అయినా అది మిక్కిలి పలుచనైనది. మనం పీల్చే గాలిలో ఒక ఘనమీటరుకు ఒకటి పక్కన ఇరవై అయిదు సున్నాలు పెట్టినంతకంటె ఎక్కువ అణువులుంటాయి. గుచ్ఛపు వాయువులో అదే పరిమాణంలో వెయ్యికి అటూ ఇటూగా మాత్రమే కణాలుంటాయి. అయితే అది ఆక్రమించిన చోటు అనంతమనిపించేటంత పెద్దది. అందువల్ల పెద్ద గుచ్ఛాన్ని నూరుపాళ్ళుగా తూచితే సుమారు 85 పాళ్ళు కృష్ణపదార్థం, పన్నెండు పదమూడు పాళ్ళు వేడి వాయువు తేలుతాయి. మన కవులు వర్ణించిన తారలన్నీ మిగిలిన రెండు మూడు పాళ్ళలో ఒదిగిపోతాయి.

ఈ వేడి ఎక్కడిది? గురుత్వాకర్షణకు లోబడి వాయువు గుచ్ఛం లోపలికి సెకనుకు వెయ్యి కిలోమీటర్లు, అంతకు మించిన వేగంతో పడుతుంది. పడుతూ ఒకదానినొకటి ఢీకొన్నప్పుడు ఆ వేగమంతా వేడిగా మారుతుంది. సూత్రం ఇంత సులభమే. కాని అది నిజంగా జరిగే తీరును ప్రయోగశాలలో చూడడం సాధ్యంకాదు. ఒక గుచ్ఛం రూపొందడానికి వందల కోట్ల సంవత్సరాలు పడుతుంది. మనకు దొరికేది ఆ మహానాటకంలోని ఒక్క క్షణపు దృశ్యమే. ముందు వెనుకల కథను తెలుసుకోవాలంటే దానిని మనమే నడిపించి చూడాలి. అందుకే అనుకరణ అవసరమైంది.

మొదటి అనుకరణకు కంప్యూటరు లేదు. 1941లో స్వీడన్ దేశస్థుడైన ఎరిక్ హోల్మ్‌బెర్గ్ రెండు గెలాక్సీలకు బదులు రెండు దీపాల గుంపులను తీసుకున్నాడు. ఒక్కొక్క గుంపులో 37 విద్యుద్దీపాలు. దూరం రెట్టింపయితే కాంతి నాలుగవ వంతుకు తగ్గుతుంది. గురుత్వాకర్షణ కూడా అంతే. కనుక ఒక్కొక్క దీపం ఉన్న చోట మిగిలిన దీపాల వెలుగు ఎంత పడుతున్నదో కొలిచి, ఆ వెలుగునే ఆకర్షణగా లెక్కించి, దీపాలను కొద్దికొద్దిగా జరుపుతూ పోయాడు. 1970లో జిమ్ పీబుల్స్ మూడు వందల బిందువులతో కోమా గుచ్ఛం ఏర్పడే తీరును కంప్యూటరులో చూపించాడు.

కృష్ణపదార్థానికి ఆకర్షణ ఒక్కటి చాలు. వాయువుకు పీడనం, ఉష్ణం, తాకిడి, సుడి కూడా ఉంటాయి. వాటిని లెక్కించడానికి రెండు దారులున్నాయి. గోదావరి వరదను తెలుసుకోదలచినవాడు ఒడ్డున కొలతకర్ర నాటి, దానిని దాటిపోయే నీటిని గమనించవచ్చు. లేదా పడవలో కూర్చుండి ప్రవాహంతోపాటు తానూ సాగిపోతూ చూడవచ్చు. ఆకాశాన్ని గళ్ళుగా విభజించి, ఒక గడినుండి మరొక గడికి పోయే వాయువును లెక్కించేది మొదటి దారి. వాయువును ముద్దలు ముద్దలుగా భావించి, ఒక్కొక్క ముద్ద వెంట నడిచేది రెండవ దారి. ఇది 1977లో రూపొందింది. నది ఒకటే కనుక రెండు దారులూ ఒకే చోటికి చేరాలి.

అవి చేరుతున్నాయో లేదో తెలుసుకొనడానికి ఒక పరీక్ష జరిగింది. పన్నెండు బృందాలవారు ఒకే గుచ్ఛాన్ని, ఒకే ప్రారంభస్థితి నుండి, తమ తమ పద్ధతులలో అనుకరించారు. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా పేరుతో ప్రసిద్ధమైన ఈ పోలిక 1999లో ప్రచురితమైంది. కృష్ణపదార్థం విషయంలో అందరి లెక్కలూ చక్కగా కలిశాయి. గుచ్ఛపు నడిబొడ్డున ఉన్న వాయువు దగ్గర మాత్రం గళ్ళవారికీ ముద్దలవారికీ పొసగలేదు. ముద్దల పద్ధతిలో వేడి వాయువూ చల్లని వాయువూ కలిసిపోవలసినంతగా కలిసిపోవడంలేదని తరువాతి పరిశోధనలలో తేలింది. అంటే ఆ భేదంలో కొంత ఆకాశానిది కాదు, కుంచెది. 2010లో ఫోల్కర్ స్ప్రింగెల్ గళ్ళే ప్రవాహంతోపాటు కదిలే మరొక పద్ధతిని ప్రకటించాడు. ఒడ్డునున్నవాని చూపునూ పడవవాని చూపునూ కలపడానికి చేసిన యత్నమది.

కుంచెను సరిదిద్దినంత మాత్రాన బొమ్మ పూర్తి కాలేదు. వేడి వాయువు ఎక్స్-కిరణాలను వెదజల్లుతున్నదంటే తన వేడిని పోగొట్టుకొంటున్నదని అర్థం. గుచ్ఛపు కేంద్రంలో వాయువు చిక్కగా ఉంటుంది కాబట్టి అక్కడ అది త్వరగా చల్లారి, కుంగి, నక్షత్రాలుగా మారాలి. కొన్ని గుచ్ఛాలలో ఏటా వందల సూర్యులంత పదార్థం ఈ విధంగా చల్లారాలని 1977 తరువాతి లెక్కలు చెప్పాయి. అనుకరణలలోనూ అట్లాగే కేంద్రాన నక్షత్రాలు కుప్పలుగా పుట్టాయి. నిజమైన ఆకాశంలో అన్ని నక్షత్రాలు లేవు. 1999లో కక్ష్యలో ప్రవేశించిన ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఉపగ్రహపు వర్ణపటాలలో అంతటి చల్లని వాయువు జాడ కూడా దొరకలేదు. పొయ్యిమీదనుండి దించిన పాలు చల్లారకుండా ఉన్నాయంటే, క్రింద మనకు తెలియని నిప్పు ఉండి ఉండాలి.

ఆ నిప్పును చూపినవాటిలో ముఖ్యమైనది, 1999లోనే ప్రయోగించిన చంద్ర ఎక్స్-కిరణ వేధశాల. లాహోరులో పుట్టి నక్షత్రాల అంత్యదశను గణితంతో వివరించిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు దానికి పెట్టారు. పెర్సియస్ గుచ్ఛపు నడుమ ఉన్న పెద్ద గెలాక్సీలో ఒక మహా కృష్ణబిలం ఉన్నది. దానిలోనికి పడబోయే పదార్థంలో కొంత భాగం రెండు ధారలై వెలుపలికి చిమ్మి, చుట్టూ ఉన్న వేడి వాయువులో బుడగలు ఊదుతున్నది. ఆ బుడగలచుట్టూ వలయాలుగా వ్యాపించే అలలను చంద్ర వేధశాల చిత్రించింది. అవి శబ్దతరంగాలని, ఒక్కొక్క కంపనానికి దాదాపు కోటి సంవత్సరాలు పడుతుందని 2003లో ప్రకటించారు. మనిషి చెవికి ఎన్నడూ అందని ఆ మంద్రస్వరమే వాయువును చల్లారనీయకుండా కాపాడే ఉపాయాలలో ఒకటని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 2020లో ఒఫియూకస్ గుచ్ఛంలో ఇంతకంటె ఎంతో పెద్ద విస్ఫోటనపు గుర్తును కనుగొన్నారు. అందుకు తోడ్పడిన సాధనాలలో పుణె సమీపంలో ఖోడద్ గ్రామం వద్ద ముప్పది పళ్ళేలతో పనిచేస్తున్న మన దేశపు రేడియో దూరదర్శిని ఒకటి.

ఇక్కడ భట్టతౌతుని ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది. అనుకరణలోని ఒక్కొక్క గడి వందల, వేల కాంతి సంవత్సరాల వెడల్పు ఉంటుంది. వందకోట్ల సూర్యుల బరువుగల కృష్ణబిలమయినా మన సౌరకుటుంబంలో ఇమిడిపోతుంది. కనుక దాని సమీపంలో జరిగేది గడిలో కనిపించదు. కనిపించనిదానిని నియమాల రూపంలో పైనుండి చేర్చాలి. కృష్ణబిలం ఎంత తింటే ఎంత శక్తిని, ఎన్నాళ్ళకొకసారి, ఎంత దూరానికి చిమ్ముతుందన్నది అనుకరించేవాడు నిర్ణయిస్తాడు. చూడని రాముణ్ణి నటించడమంటే ఇదే.

ఈ నిర్ణయాల యోగ్యత పెద్ద గుచ్ఛాలలోకంటె చిన్న సమూహాలలో బాగా బయటపడుతుంది. గుచ్ఛపు ఆకర్షణ బలమైనది. కృష్ణబిలం ఎంత చిమ్మినా వాయువును మొత్తంమీద పోనీయదు. సమూహపు పట్టు అంత గట్టిది కాదు. 2014లో వెలువడిన ఇల్లస్ట్రిస్ అనే అనుకరణ సుమారు 35 కోట్ల కాంతి సంవత్సరాల భుజంగల ఆకాశఖండాన్ని దాదాపు 1200 కోట్ల అంశాలుగా విభజించి లెక్కించింది. అందులో పుట్టిన గెలాక్సీల రూపాలు లోకాన్ని ముగ్ధం చేశాయి. కాని కృష్ణబిలాలు మితిమీరి చెలరేగడంవల్ల సమూహాలలోని వాయువులో చాలా భాగం ఎగిరిపోయింది. పరిశీలనలలో కనిపించినంత వాయువు అక్కడ మిగలలేదు. 2015లో వచ్చిన ఈగిల్ అనే మరొక అనుకరణలో దీనికి విరుద్ధంగా సమూహాలలో వాయువు కొంత ఎక్కువైంది. ఒక చిత్రకారుని గుర్రం బక్కచిక్కింది, మరొకని గుర్రం బలిసింది.

ఇల్లస్ట్రిస్ బృందంవారు ఈ లోపాన్ని దాచలేదు. తమ ఫలితాలతోపాటే దానినీ ప్రకటించారు. కృష్ణబిలపు నియమాన్ని మార్చి, ఇల్లస్ట్రిస్ టీఎన్‌జీ అనే కొత్త అనుకరణను చేసి, 2018 నాటికి దాని తొలి ఫలితాలను వెలువరించారు. లోపాన్ని ఒప్పుకొనకుండా ఉంటే, అందమైన గెలాక్సీలను చూపి చప్పట్లు కొట్టించుకొనడంతోనే కథ ముగిసేది.

ఒక గుచ్ఛంలో వాయువు ఎంత ఉన్నదన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. గుచ్ఛాల సంఖ్యనూ బరువులనూ బట్టి విశ్వంలో పదార్థం ఎంత ఉన్నదో లెక్కకట్టుతారు. వాయువు పీడనం గురుత్వాకర్షణతో సరితూగుతున్నదనే నమ్మికతో ఆ బరువు కట్టడం ఒక పద్ధతి. వాయువు లోలోపల సుళ్ళు తిరుగుతున్నట్లయితే ఆ తూకం తప్పుతుంది. త్రాసు తప్పయితే విశ్వపు లెక్క అంతా తప్పే.

ఆ సుళ్ళ వేగాన్ని సూటిగా కొలవడానికి జపాను సంస్థ 2016 ఫిబ్రవరి 17న ఒక ఉపగ్రహాన్ని పంపి, ‘కంటిపాప’ అనే అర్థంలో హిటోమి అని పేరు పెట్టింది. అది పెర్సియస్ గుచ్ఛాన్ని చూసింది. తరువాత మార్చి 26న, తిరగకపోయినా తాను తిరుగుతున్నానని పొరబడి, ఆ లేని తిరుగుడును ఆపబోయి, నిజంగానే గిరగిర తిరిగి ముక్కలైంది. దాన్ని నిలబెట్టవలసిన జెట్లకు ఇచ్చిన అంకెలు తప్పు కావడంతో ఆ తిరుగుడు మరింత హెచ్చింది. కన్నుమూసేలోపల ఆ కంటిపాప చూసిన దృశ్యం మాత్రం మిగిలింది. వాయువు సుళ్ళ వేగం సెకనుకు సుమారు 164 కిలోమీటర్లు. కృష్ణబిలం అంత దగ్గరలో చెలరేగుతున్నా, ఆ కదలిక కలిగించే పీడనం ఉష్ణపీడనంలో నూటికి నాలుగు పాళ్ళే. అనుకరణలన్నీ ఇప్పుడు ఈ అంకె ముందు నిలబడి సమాధానం చెప్పుకోవాలి. హిటోమి వారసురాలిగా 2023 సెప్టెంబరు 7న ఎక్స్‌రిజమ్ అనే ఉపగ్రహం కక్ష్యలోకి చేరి, మరిన్ని గుచ్ఛాలను కొలవడం మొదలుపెట్టింది.

చివరిగా మొదటి ప్రశ్నకు వద్దాం. అనుకరణను ఏ ఆధారంతో నమ్మాలి? ఆకాశాన్ని పోలి ఉన్నదన్న కారణంతో మాత్రం కాదు. 2023లో వెలువడిన ఫ్లమింగో అనే అనుకరణలో ముప్పైవేల కోట్ల కణాలున్నాయి. గుచ్ఛాలలోని వాయువు పాలు పరిశీలనలకు సరిపోయేటట్లు దాని నియమాలను ముందే సవరించారు. ఆ సంగతిని వారే స్పష్టంగా చెప్పారు. కనుక ఆ పాలు కుదరడం దాని విజయం కాదు. సవరించని మరొక విషయం కుదిరితే అదే విజయం. ఏది ముందే ఇచ్చారో, ఏది తనంతట తాను వచ్చిందో వేరుచేసి చూడగలగడమే ఇక్కడ వివేకం. భట్టతౌతుని ప్రశ్నకు శాస్త్రం చెప్పగల సమాధానం కూడా అదే. రాముణ్ణి మేము చూడలేదు, కాని మా బొమ్మ ఎక్కడ తప్పితే తప్పని ఒప్పుకొంటామో ముందే చెప్పగలమని శాస్త్రజ్ఞుడు అనగలడు. బొమ్మగుర్రం పరుగెత్తదు. అయితే దాని కాలు ఎక్కడ వంకరపోయిందో తెలిసిన చిత్రకారుడు, నిజమైన గుర్రాన్ని మరొకసారి, మునుపటికంటె శ్రద్ధగా చూస్తాడు.

కఠిన పదాలకు అర్థాలు

తురగం : గుర్రం
ఆలంకారికుడు : కావ్యశాస్త్రం తెలిసినవాడు
ప్రతీతి : తోచిన జ్ఞానం, గ్రహింపు
గుచ్ఛం : గుత్తి
వర్ణపటం : కాంతిని రంగులుగా విడదీసి చూపే పట్టిక
వేధశాల : గ్రహనక్షత్రాదులను పరిశీలించే చోటు
మంద్రస్వరం : క్రింది స్థాయి స్వరం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. చిత్రతురగన్యాయాన్ని రచయిత ఖగోళశాస్త్రానికి ఎట్లా అన్వయించారో వివరించండి.
2. అనుకరణలోని లోపాలు శాస్త్రజ్ఞానానికి ఎట్లా తోడ్పడ్డాయో పాఠం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. హోల్మ్‌బెర్గ్ దీపాలతో చేసిన ప్రయోగం ఎట్టిది?
2. కృష్ణబిలాల ప్రభావం గుచ్ఛాలలోకంటె సమూహాలలో ఎక్కువగా బయటపడడానికి కారణమేమిటి?
3. హిటోమి కొలత ప్రాధాన్యం ఏమిటి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఉహురూ అంటే అర్థం ఏమిటి?
2. శంకుకుని వాదాన్ని ప్రశ్నించినదెవరు?
3. పెర్సియస్ గుచ్ఛంలో ఇనుము జాడను కనుగొన్న ఉపగ్రహమేది?

IV. సంధులు
గురుత్వాకర్షణ = గురుత్వ + ఆకర్షణ : సవర్ణదీర్ఘ సంధి
అత్యుష్ణం = అతి + ఉష్ణం : యణాదేశ సంధి

V. సమాసాలు
చిత్రతురగం : చిత్రమందలి తురగం : సప్తమీ తత్పురుష
కృష్ణబిలం : కృష్ణమైన బిలం : విశేషణ పూర్వపద కర్మధారయం
శబ్దతరంగాలు : శబ్దం యొక్క తరంగాలు : షష్ఠీ తత్పురుష